లేబుల్ లేని బటన్

ఆ రోజు కన్సల్టెంటు "ఇక్కడ చూడండి" అని పదిహేడుసార్లు అన్నాడు. ఫోనక్క వేళ్ళ మీద లెక్కపెట్టింది. లెక్కపెట్టక ఏం చేస్తుంది? ఆమెకు పుట్టుకతోనే చూపు లేదు. పైగా ఆయన నిలబడి మాట్లాడుతున్నది చూపులేనివాళ్ళ కోసం పెట్టిన లైబ్రరీలో.

సైకిళ్ళ షాపు పైన రెండు గదులు, అదే లైబ్రరీ. ఇక్కడ పుస్తకాలు చదవరు, వింటారు. ముందు గదిలో ఒక బల్ల, దాని మీద ఫోను, దాని వెనక పంతొమ్మిదేళ్ళుగా ఫోనక్క. వెనక గదిలో గోడలకు పాత పరుపులు మేకులు కొట్టి బిగించారు, వీధి చప్పుడు లోపలికి రాకుండా. ఎవరో ఒకరు వచ్చి ఆ పరుపుల మధ్య కూర్చుని పుస్తకం పైకి చదువుతారు, మైకు దాన్ని పట్టుకుంటుంది. సభ్యులు నాలుగువందల పన్నెండు మంది. ఫోన్ చేసి "అక్కా, ఫలానా పుస్తకం" అంటే వారంలో ఆ పుస్తకం గొంతుగా మారి వాళ్ళ చేతికి చేరుతుంది. "హలో" అనక ముందే, ఊపిరి తీసుకునే తీరును బట్టి అవతల ఎవరో ఫోనక్క చెప్పేస్తుంది. ఆమె అసలు పేరు జీతం రోజున తప్ప ఎవరికీ గుర్తు రాదు.

ఆ మధ్య ఒక పెద్ద దాత ముందుకొచ్చాడు. అంతా కంప్యూటర్లో, ఫోన్లలో పెట్టి సభ్యులు ఎవరికి వాళ్ళే పుస్తకాలు తీసుకునేలా చేయండి, ఖర్చు నాది అన్నాడు. మంచి మాటే. ఫోనక్క కూడా సంతోషించింది. ఆదివారం నాడు, తనకు జ్వరం వచ్చిననాడు ఫోను మూగబోతే సభ్యులు ఎంత అవస్థ పడతారో ఆమెకంటే ఎవరికి తెలుసు? అయితే కమిటీవాళ్ళకు కంప్యూటర్ల సంగతి తెలియదు కాబట్టి, సరైన కంపెనీని ఎంచి పెట్టమని ఒక కన్సల్టెంటుని పిలిచారు. ఆయన మెట్లెక్కకముందే ఆయన సెంటు వాసన ఎక్కేసేది, ఆయన వెళ్ళిపోయాక కూడా గంటసేపు కుర్చీలో కూర్చునే ఉండేది. మొదటి రోజే ఫోనక్క ఆయనకు సెంటాయన అని పేరు పెట్టేసింది.

సెంటాయన మూడు కంపెనీలను పిలిపించాడు. ఎవరికెన్ని మార్కులు వేయాలో ఒక పట్టిక తానే తయారుచేశాడు. మొదటి కంపెనీ అంతకుముందు నాలుగుచోట్ల ఆయనతో కలిసి పనిచేసిందే. వాళ్ళ తెరను వాళ్ళకంటే ముందు ఆయనే మెచ్చుకున్నాడు. పదిహేడు "ఇక్కడ చూడండి"లూ అప్పటివే. చివర్లో కమిటీ ప్రెసిడెంటుగారు గొంతు సవరించుకుని, "చాలా బాగుంది, రంగులు కూడా చక్కగా కుదిరాయి" అన్నారు.

"రంగులింకా వేయలేదు సార్, ఇప్పటికి నలుపూ తెలుపే" అన్నాడు సెంటాయన.

సార్ జోకు వేశారనుకుని అందరూ నవ్వారు. ప్రెసిడెంటుగారూ నవ్వారు, కాకపోతే అందరికంటే కాస్త ఆలస్యంగా.

రెండో కంపెనీ తరఫున ఒకావిడ వచ్చింది. ఆమె దగ్గర తెరా లేదు, బొమ్మలూ లేవు, భుజానికో చేతిసంచీ ఉందంతే. "ఇది వాడేవాళ్ళు ఎలా వాడతారో తెలియకుండా నేనేం చూపిస్తానండీ? రేపొచ్చి ఫోను పక్కన కూర్చోవచ్చా?" అంది. మర్నాడు పదింటికి వచ్చి మూడింటిదాకా ఫోనక్క పక్కనే స్టూలు వేసుకుని కూర్చుంది. ముప్ఫై ఒక్క కాల్స్ విన్నది. రెండే ప్రశ్నలడిగింది. "వీళ్ళిళ్ళల్లో ఫోను ఎవరి చేతిలో ఉంటుందక్కా?" అని ఒకటి. "తప్పు బటన్ నొక్కితే, తప్పని మీకెలా తెలుస్తుంది?" అని ఇంకొకటి. పంతొమ్మిదేళ్ళలో ఆ మాట అడిగిన మొదటి మనిషి ఆమే.

సెంటాయన పట్టికలో 'ప్రెజెంటేషన్' అన్నచోట చేతిసంచీ ఆవిడకు సున్నా పడింది. మూడో కంపెనీ ఏం చెప్పిందో ఎవరికీ గుర్తులేదు. మొదటి కంపెనీకే పని దక్కింది.

నాలుగు నెలల తర్వాత కొత్త సిస్టం వచ్చింది. అది రాకముందే పుస్తకాలు చదివేవాళ్ళను ఇక రావద్దన్నారు. ఇకనుంచి యంత్రమే చదివేస్తుందట. వెనక గది గోడల మీది పరుపులు ఊడబీకి మెట్ల కింద పడేశారు. ఆ గదిలో మూడు కంప్యూటర్లు పెట్టి ట్రైనింగ్ రూమ్ అన్నారు. పరుపులు పోయాక ఆ గదిలో మాటలు గోడలకు తగిలి తిరిగొస్తుంటే ఫోనక్కకు, తెలిసినవాళ్ళు ఇల్లు ఖాళీ చేసి వెళ్ళిపోయినట్టనిపించింది.

తెర మీద ఉన్నదాన్ని చదివి వినిపించే గొంతు ఒకటి ఆమె ఫోన్లోనూ, సభ్యులందరి ఫోన్లలోనూ ఎప్పటినుంచో ఉంది. బ్యాంకు పనికీ, బస్సు టిక్కెట్టుకీ వాళ్ళు వాడుకునేది దాన్నే. ట్రైనింగ్ రోజున ఆ వెనక గదిలో కూర్చుని, తన ఫోన్లో కొత్త సిస్టం తెరిచి ఫోనక్క వేలు జరిపింది. ఆ గొంతు ఇలా చెప్పింది.

"బటన్. బటన్. లేబుల్ లేని బటన్. చిత్రం. చిత్రం. లేబుల్ లేని బటన్."

ఆమె మళ్ళీ మొదటినుంచి జరిపింది. మళ్ళీ అదే. ఏ బటన్ నొక్కితే పుస్తకం వస్తుందో, ఏది నొక్కితే ఉన్నది కూడా పోతుందో ఆ గొంతుకే తెలియదు. ఎలాగోలా తడుముకుంటూ లోపలికి వెళ్ళేసరికి ఇంకొకటి ఎదురొచ్చింది. 'మీరు రోబో కాదని నిరూపించుకోండి. ట్రాఫిక్ లైట్లున్న బొమ్మలన్నీ ఎంచుకోండి.'

చూపులేనివాళ్ళ లైబ్రరీ తలుపు తీయాలంటే బొమ్మలు చూసి గుర్తుపట్టాలి! ఫోనక్కకు అరికాలి మంట నెత్తికెక్కింది. అక్కడే ఉన్న సెంటాయన్ని పిలిచి సంగతి చెప్పింది.

"అవన్నీ రెండో దశలో చూసుకుంటామమ్మా" అన్నాడు ఆయన, నిమ్మకు నీరెత్తినట్టు.

"మొదటి దశ ఎవరికోసమండీ?"

"మీరు అలా నెగెటివ్‌గా తీసుకోకూడదు. కొత్తదేదైనా మొదట్లో ఇలాగే ఉంటుంది." అంటూ ఆయన బల్ల మీద ఏదో కాగితం పెట్టాడు. "ట్రైనింగుకి వచ్చినట్టు ఒక్క సంతకం. అటెండెన్స్, అంతే."

సంతకానికి ఫోనక్క దగ్గర ఒక సాధనం ఉంది. గడియారాలు బాగుచేసే ఆమె భర్త, గడియారం పెట్టె అట్టను కత్తిరించి మధ్యలో సంతకం పట్టేంత చిన్న కిటికీ చేసిచ్చాడు. దాన్ని కాగితం మీద పెట్టుకుంటే అక్షరాలు గీత తప్పవు. అది ముందుగదిలో, సంచీలో ఉండిపోయింది. "తెచ్చుకుంటానుండండి" అంటున్నా వినకుండా సెంటాయన ఆమె మణికట్టు పట్టుకుని, "ఇదుగో, ఇక్కడ" అంటూ పెన్ను ఆనించాడు. ఎవరైనా అలా చెయ్యి పట్టుకుని లాగితే ఆమెకు చెడ్డ చిరాకు. ఆ చెయ్యి వదిలించుకోవాలన్న తొందరలో గబగబా గీకేసింది. కాగితంలో ఏముందో చదవమని అడగలేదు. కొత్త సభ్యులందరికీ పంతొమ్మిదేళ్ళుగా ఆమె మొదట నేర్పే పాఠం అదే, చదివించుకోకుండా సంతకం పెట్టొద్దని.

ఆ వారంలోనే నోటీసు వచ్చింది. శనివారం కమిటీ కొత్త సిస్టమ్‌ని అధికారికంగా ఒప్పుకుని సంతకం చేస్తుంది, ఒకటో తారీఖు నుంచి పాత ఫోను లైను ఉండదు.

ఆ మధ్యాహ్నమే డ్రైవరన్న ఫోన్ చేశాడు. ఆయన ఇరవై రెండేళ్ళు బస్సు నడిపాడు. షుగరు జబ్బు రెండేళ్ళలో కళ్ళు మింగేసింది. పరీక్ష పాసైతే డిపోలో ఎంక్వైరీ కౌంటరు దగ్గర కూర్చోబెడతామన్నారు, ఫెయిలైతే ఇంటికి పొమ్మన్నారు. పరీక్షకి ఇంకా పన్నెండు రోజులే ఉన్నాయి. పుస్తకంలో రికార్డు కావాల్సినవి ఇంకా నాలుగు చాప్టర్లు మిగిలాయి. చదివేవాళ్ళను మానిపించడంతో అవి అలాగే ఆగిపోయాయి.

"అక్కా, మీ కొత్తది తెరిచాను. నన్ను రోబో కాదని ప్రమాణం చేయమంటోంది."

"తెలుసన్నా."

"ట్రాఫిక్ లైట్లు చూపించమంటోందక్కా. నన్ను! ఇరవై రెండేళ్ళు ఆ లైట్ల ముందే బతికినోణ్ణి. ఎక్కడున్నాయో వాళ్ళనే చెప్పమను, రెడ్ లైటు దగ్గర బ్రేకేసి మరీ చూపిస్తా." ఆయన నవ్వాడు. ఫోనక్కకు నవ్వు రాలేదు. నవ్వు ఆగాక ఆయన ఊపిరి బరువుగా వినబడింది. "మా ఆవిడ డ్యూటీకెళ్ళి రాత్రికొస్తుందక్కా. నాకు చదివి పెట్టేవాళ్ళు లేరు. ఆ నాలుగు చాప్టర్లు ఎలాగైనా ఇప్పించు."

"ఇప్పిస్తానన్నా" అంది ఫోనక్క. ఎలా ఇప్పిస్తుందో ఆమెకే తెలియదు.

ఫోను పెట్టేసి నేరుగా ప్రెసిడెంటుగారి దగ్గరికి వెళ్ళింది. ఆయన రిటైరైన హెడ్మాస్టరు. ఈ లైబ్రరీ మొదలుపెట్టిందే ఆయన. ఫోనక్కకు పద్నాలుగేళ్ళప్పుడు ఆమె విన్న మొట్టమొదటి పుస్తకం ఆయన గొంతులోనే విన్నది. కామా దగ్గర ఆగడం, ప్రశ్న దగ్గర గొంతు లేపడం, మాట మింగకుండా పలకడం ఆయన దగ్గరే నేర్చుకుని ఆ తర్వాత చదవడానికి వచ్చేవాళ్ళందరికీ నేర్పింది. రెండేళ్ళ కిందట ఆయన హఠాత్తుగా చదవడం మానేశారు. గొంతు బాగోలేదన్నారు. మాట్లాడితే మాత్రం గొంతు గంటలాగే ఉండేది. ఆమె అడగలేదు.

"సార్, ఈ సిస్టం మనవాళ్ళు వాడలేరు. నేను వాడి చూశాను. ఒక్క బటనుకీ పేరు లేదు."

"కన్సల్టెంటుగారు చూసుకుంటారమ్మా."

"ఆయన చూడటం వల్లే కదా సార్ వచ్చింది గొడవ! మీరొక్కసారి..."

"నేను చూశాను. బాగానే ఉంది." ఆ మాట ఎంత పొడిగా, ఎంత తొందరగా అన్నారంటే, తలుపు మొహం మీద వేసినట్టయింది. ఆయన ఆమెతో అలా మాట్లాడటం అదే మొదటిసారి.

సాయంత్రం ఇంటికొచ్చి గిన్నెల మీద కోపం చూపించింది. భర్త గడియారం విప్పుతూ, అరచేతిలోని మరలు చెదిరిపోతాయేమోనని కదలకుండా కూర్చున్నాడు. అత్తగారు మాత్రం ఊరుకునే మనిషి కాదు.

"ఏంటే, ఆ గిన్నె నిన్నేమందని?"

ఫోనక్క అంతా చెప్పింది. బటన్లు, ట్రాఫిక్ లైట్లు, మెట్ల కింద పరుపులు, డ్రైవరన్న, సారు.

"ఆ సెంటాయన్ని ఒక్కపూట మనింటికి పంపవే. కళ్ళకు గంతలు కట్టి వంటింట్లోకి తోసి గడియ పెడతా. ఉప్పు డబ్బా ఏదో, చక్కెర డబ్బా ఏదో తేల్చి టీ పెట్టమను. అప్పుడు రెండో దశ సంగతి మాట్లాడుకుందాం."

భర్త పకపకా నవ్వాడు. మర ఒకటి కింద పడి దొర్లింది. "అటు తలుపు దగ్గర ఆగింది" అని చెప్పి ఫోనక్క గిన్నె కింద పెట్టింది. అత్తగారి మాట ఆమె బుర్రలో అక్కడే తిష్ట వేసుకుని కూర్చుంది.

శనివారం పదకొండింటికి కమిటీ ఆ ట్రైనింగ్ రూమ్‌లోనే కూర్చుంది. ఐదుగురు కమిటీవాళ్ళు, సెంటాయన, ఆయన తెర. ఫోనక్కను పిలవలేదు. పిలవకపోయినా వెళ్ళింది. పాత ఫోను తీగను గోడ వెంబడి లాక్కొచ్చి బల్ల మధ్యలో పెట్టి స్పీకరు నొక్కింది.

"డ్రైవరన్నా, వినబడుతోందా?"

"ఆఁ అక్కా, లైన్లోనే ఉన్నా."

"ఏంటమ్మా ఇది?" అన్నారు ట్రెజరరుగారు. ఆయన బ్యాంకులో పనిచేసి రిటైరైన మనిషి, పద్ధతి తప్పితే సహించలేరు.

"ఈయన మన సభ్యుడు సార్. ఈయనకు పుస్తకం కావాలి. ఈ కొత్త సిస్టంలో ఆ పుస్తకం తీసి ఇస్తే చాలు, ఇంకేమీ అడగను. ఒకటే షరతు. తెర ఆపేసి తీయాలి."

"తెర ఆపేస్తే ఎలా కనబడుతుందండీ?" సెంటాయన నోరు జారాక తన మాట తనకే వినబడి కాసేపు ఆగిపోయాడు. తర్వాత తేరుకుని గొంతు పెంచాడు. "చూడండమ్మా, ఇదంతా ఎమోషనల్‌గా మాట్లాడే విషయం కాదు. ఈ సిస్టమ్‌ని చూపులేనివాళ్ళతో పరీక్ష చేయించాం. అన్నీ సరిగ్గా ఉన్నాయని సర్టిఫికెట్ కూడా ఉంది. దాని మీద సంతకం ఎవరిదో తెలుసా? మీదే."

గదిలో కుర్చీలు కదిలాయి. "అవును, ఇక్కడ నీ సంతకం ఉంది" అన్నారు ట్రెజరరుగారు.

ఫోనక్క చెయ్యి చాపింది. కాగితం అందుకుని వెనక్కి తిప్పి వేళ్ళతో తడిమింది. బాల్‌పెన్ను గట్టిగా నొక్కితే కాగితం వెనక గాట్లు లేస్తాయి. కింద, కుడివైపు దొరికింది. గీత తప్పి కిందికి జారిన అక్షరాలు. ఆమెదే. మణికట్టు లాగినప్పుడు గీకిన సంతకం అదే.

సిగ్గుతో ముందు ఆమె చెవులు వేడెక్కాయి. ఒళ్ళు మండింది ఆ తర్వాత. ఆయన మీద మండింది, తన మీద అంతకు రెట్టింపు మండింది. నాలుగువందల పన్నెండు మందికి చెప్పిన పాఠం తానే తప్పింది.

"సంతకం నాదే. ఇందులో రాసింది మాత్రం నా మాట కాదు. అటెండెన్స్ అని చెప్పి, నా చెయ్యి పట్టుకుని పెట్టించాడు ఈ పెద్దమనిషి. అసలిందులో ఏం రాసుందో నాకిప్పటికీ తెలియదు." ఆమె కాగితాన్ని ప్రెసిడెంటుగారు కూర్చునే వైపు చాపింది. "సార్, మీరు చదవండి. మీ గొంతులో వింటాను."

కాగితం ఆయన చేతిలోకి వెళ్ళింది. ఒకసారి దగ్గరికి, ఒకసారి దూరంగా కదిలిన చప్పుడైంది. కింద షాపులో ఎవరో సైకిలు బెల్లు మోగించి చూస్తున్నారు.

"కళ్ళజోడు మర్చిపోయానమ్మా" అన్నారు ప్రెసిడెంటుగారు.

పంతొమ్మిదేళ్ళలో ఫోనక్క ఈ మాట ఎన్ని వందలసార్లు విన్నదో! కొత్తగా చూపు పోయినవాళ్ళు మొదటిసారి ఫోన్ చేసినప్పుడు ఎవరూ "నాకు కనబడటం లేదు" అనరు. కళ్ళజోడు మర్చిపోయామంటారు, అక్షరాలు మరీ చిన్నవంటారు, ఇంట్లో కరెంటు లేదంటారు. పైగా సారు కళ్ళజోడు ఎక్కడికీ పోలేదు. ఆయన మెడలో గొలుసుకు వేలాడుతూ చొక్కా గుండీకి తగిలి టిక్కుమంటుంది. ఇప్పుడే, ఆయన ఆ మాట అంటూ వెనక్కి వాలినప్పుడే, అది టిక్కుమంది.

గొంతు బాగోలేదన్న మాట గుర్తొచ్చింది. నలుపూ తెలుపూ తెర మీద చక్కగా కుదిరిన రంగులు గుర్తొచ్చాయి. ఆలస్యంగా వచ్చిన ఆ నవ్వు గుర్తొచ్చింది.

నలుగురిలో అనకూడదని ఆమెకు తెలుసు. తెలిసే అంది.

"మీకెప్పటినుంచి కనబడటం లేదు సార్?"

"ఏం మాటలమ్మా అవి!" అన్నారు ట్రెజరరుగారు.

"రెండేళ్ళయింది" అన్నారు ప్రెసిడెంటుగారు.

ఫోనక్కకు జాలి కలిగి ఉంటే బాగుండేది. కలగలేదు. కోపం వచ్చింది.

"రెండేళ్ళు! పక్కగదిలో నేనున్నాను సార్. కళ్ళు పోయినవాళ్ళు ముందుగా ఫోన్ చేసేది నాకే. కర్ర ఎలా పట్టుకోవాలో, ఫోన్లో గొంతు ఎలా పెట్టుకోవాలో, రూపాయి బిళ్ళనూ రెండు రూపాయల బిళ్ళనూ ఎలా తేల్చుకోవాలో ఊరందరికీ చెప్పేది నేనే. మీరు నాకెందుకు చెప్పలేదు?"

"ఎలా చెప్పనమ్మా... ఇంత వయసులో..."

"వయసు కాదు సార్. సిగ్గు. నాలాగా అయిపోయానని మీకు సిగ్గేసింది." ఆమె ఆపలేదు. "నాకు పద్నాలుగేళ్ళప్పుడు మీరేం చెప్పారు? ఇందులో సిగ్గుపడాల్సింది ఏముందే అన్నారు. నమ్మాను. ఆ మాట పట్టుకునే పెళ్ళి చేసుకున్నాను, ఉద్యోగం చేశాను, నాలుగువందల మందికి అదే చెప్పాను. అదంతా మాకేనా? మీదాకా వచ్చేసరికి మీరు చూడలేని తెరను చూసి బాగుందన్నారు. మీ పరువు కోసం డ్రైవరన్న ఉద్యోగాన్ని గాలికొదిలేశారు. ఈయన మోసం చేశాడంటే ఈయనకు మేమెవరమో తెలియదు. మీకు తెలుసు కదా సార్!"

స్పీకర్లో డ్రైవరన్న ఊపిరి ఒక్కటే వినబడుతోంది.

తర్వాత ఒక కుర్చీ వెనక్కి జరిగింది. ప్రెసిడెంటుగారు లేచారు. బల్ల అంచు పట్టుకుంటూ కంప్యూటరు దగ్గరికి నడిచారు. ఆయన నడక అలా ఉందని ఇన్నాళ్ళూ ఎలా గమనించలేదా అని ఫోనక్క తనను తానే తిట్టుకుంది.

"తెర ఆపండి" అన్నారు సెంటాయనతో.

"సార్, అంటే, ఇప్పుడది..."

"ఆపండి. అది ఉన్నా నాకు ఒకటే. మీకు అర్థం కావాలని ఆపమంటున్నాను."

కంప్యూటర్లోంచి కూడా అదే గొంతు మొదలైంది. "బటన్. బటన్. లేబుల్ లేని బటన్. చిత్రం." ఆయన కీ నొక్కారు. "లేబుల్ లేని బటన్." మళ్ళీ నొక్కారు. ఎక్కడో తప్పు పడి మొదటికొచ్చింది. "బటన్. బటన్." ముప్ఫై ఎనిమిదేళ్ళు పిల్లలకు పాఠాలు చెప్పిన మనిషి పదినిమిషాలు ఆ కుర్చీలో కూర్చుని తలుపు ఎక్కడుందో కనుక్కోలేకపోయారు. చివరికి 'మీరు రోబో కాదని నిరూపించుకోండి' అన్నచోట చేతులు వెనక్కి తీసుకున్నారు.

"ట్రెజరరుగారూ, ఒక కాగితం తీసుకోండి. ఈ సిస్టం మాకు ఆమోదం కాదని రాయండి. సర్టిఫికెట్ మోసంతో పుట్టిందని కూడా రాయండి. ఫోను లైను ఉంటుంది. ఆ చేతిసంచీ ఆవిడ ఫోను నంబరు ఎవరి దగ్గరుంది?"

"నా దగ్గరుంది" అంది ఫోనక్క.

"కాంట్రాక్టు ప్రకారం ఇలా కుదరదు" అన్నాడు సెంటాయన. "లీగల్‌గా వెళ్ళాల్సి వస్తుంది."

"వెళ్ళండి. ఆవిడ చెయ్యి ఎలా పట్టుకున్నారో కోర్టులోనే చూపిద్దురు గాని" అన్నారు ట్రెజరరుగారు, పెన్ను మూత తీస్తూ. పద్ధతి తప్పినవాణ్ణి ఆయన నిజంగానే సహించలేరు.

సెంటాయన తన తెరను మడిచి సంచీలో పెట్టుకుని మెట్లు దిగాడు. వాసన మాత్రం ఇంకా దిగలేదు.

"అక్కా" అన్నాడు డ్రైవరన్న స్పీకర్లోంచి, భయం భయంగా. "ఇంతకీ నా నాలుగు చాప్టర్లు..."

"ట్రెజరరుగారు చదువుతారన్నా. ఈ పూటే మొదలు." ఆయన ఏదో అనబోయారు. "మీకు కళ్ళున్నాయి కదా సార్" అంది ఫోనక్క. ఆ పుస్తకం ఎక్కడుందని అడిగారాయన. మిగిలిన ముగ్గురూ మెట్ల కిందికి వెళ్ళి పరుపులు మోసుకొచ్చారు. పాత మేకులు దొరకలేదు. పరుపులను గోడలకు ఆనించి, కుర్చీలు అడ్డం పెట్టారు.

రాయాల్సింది రాశాక ట్రెజరరుగారు దాన్ని పైకి చదివారు. ఫోనక్క మళ్ళీ చదివించింది. రెండోసారి అక్షరం పొల్లుపోలేదని తేలాక, సంచీలోంచి తన అట్టముక్క తీసి కాగితం మీద పెట్టి, దాని కిటికీ మీదికి ప్రెసిడెంటుగారి వేలు తెచ్చింది. మణికట్టు పట్టుకోలేదు. తన చెయ్యి ముందుంచి, ఆయన చెయ్యి దాని మీదుగా జరుపుకుంటూ వచ్చేలా చేసింది.

"ఈ కిటికీ దాటకుండా రాయండి."

ఆయన పెన్ను ఆనించారు. చాలా నెమ్మదిగా రాశారు. అట్ట తీసి, "సరిగ్గా పడిందా అమ్మా?" అని అడిగారు. ఆ అడగడంలో హెడ్మాస్టరు లేడు.

ఫోనక్క కాగితం వెనక్కి తిప్పి తడిమింది. చివరి రెండక్షరాలు అంచు తగిలి ఒకదాని మీద ఒకటి ఎక్కాయి. పర్లేదని అనొచ్చు. ఎవరైనా అదే అంటారు. ఆమెలో కోపం ఇంకా చల్లారలేదు, చల్లార్చుకోవాలని కూడా లేదు.

"పడలేదు సార్" అంది. అట్టముక్క మళ్ళీ ఆయన చేతిలో పెట్టింది. "ఇంకోసారి పెట్టండి. వచ్చేదాకా నేను ఇక్కడే ఉంటాను."